ఆచార్య సెండా బెరెన్సన్ చరిత్రము

కందుకక్రీడ మన కావ్యములకు గ్రొత్తది కాదు. దండి మహాకవి దశకుమారచరితమున దామలిప్త నగరపు రాజపుత్రిక చెండాడిన విధమును మిక్కిలి రమణీయముగ వర్ణించి యున్నాడు. కాని యా చెండాట దేవతారాధనమునకును, జూచువారి కన్నుల పండువునకును బుట్టినది. ఆ యాటవలన ఆమె యూపిరి బలపడెనా, వెన్ను నిటారుగ నిలిచెనా యని విచారించిన కవి లేడు. మన గ్రామములలో బాలికలు చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, తొక్కుడుబిళ్ల, అచ్చనగాయలు మొదలగు నాటల నాడుకొనుట యందఱు నెఱిగినదే. ఆ యాటలన్నియు బాలికకు బండ్రెండేండ్లు దాటునప్పటికి దమంతట దామే యాగిపోవుటయు నెఱిగినదే. వయసు వచ్చిన కన్యను బరుగెత్తనీయక కూర్చుండబెట్టుట మన దేశమున మాత్రమే గాక, నాగరకతకు బేరువడిన పాశ్చాత్యదేశములలో సైతము నూటయేబదియేండ్ల క్రిందట సామాన్యధర్మముగ నుండెను. ఆ ధర్మమును గలహింపక, నేర్పుతో, వ్యాయామశాల తలుపులు మూసికొని మార్చిన యొక వనిత చరిత్రము ఈ వ్యాసమునకు విషయము.

ఇట్టి సంచికలలో మన పెద్దల చరిత్రములను బ్రకటించుట యాచారము. పరదేశీయురాలగు నొక వ్యాయామోపాధ్యాయిని చరిత్రము నేల యెన్నుకొంటినని పాఠకమహాశయులకు శంక కలుగవచ్చును. ఆడుబిడ్డలు గల ప్రతిగృహమునకు నామె యెదుర్కొనిన ప్రశ్న సంబంధించినదే. బాలికకు మేలుగోరి పెద్దలు విధించు కట్టుబాటు ఎంతవఱకు రక్షణము, ఎచ్చటనుండి బంధనము? ఈ ప్రశ్నకు ఆమె జీవితమునందును, ఆమె యనంతరము ఆమె యేర్పఱచిన నిబంధనలకు బట్టిన గతియందును దగిన యుదాహరణము కలదు. కావున సోదరసోదరీమణులు దీనిని దమ యింటి ముచ్చటగనే భావించి చదువ గోరుచున్నాను.

సెండా 1868వ సంవత్సరము మార్చి 19వ తేదీన, ఆనాడు రష్యా సామ్రాజ్యమునకు లోబడి యుండిన లిథువేనియా దేశమున, బుట్రిమోనిస్ అను చిన్న యూరిలో నొక యూదకుటుంబమున జన్మించెను. వారి యింటిపేరు మొదట వాల్వ్రొయెన్‌స్కి. తండ్రి 1874లో జీవనోపాధి వెదకికొనుచు సముద్రము దాటి అమెరికాలోని బోస్టను నగరము చేరి, బెరెన్సన్ అను క్రొత్త పేరు దాల్చెను. మఱుసటి యేట భార్యయు బిడ్డలును ఆయనను గలసికొనిరి. అప్పటికి సెండాకు ఏడేండ్లు. భాష క్రొత్త, దేశము క్రొత్త. తండ్రి గిన్నెలు, పాత్రలు మోసికొని యింటింట దిరిగి యమ్ముచు సంసారము నీడ్చెను. ధనము లేకున్నను ఆ యింట విద్యయందు మక్కువ మెండు. సెండాకంటె మూడేండ్లు పెద్దవాడగు బెర్నార్డు బెరెన్సన్ హార్వర్డు విశ్వవిద్యాలయమున జదివి, ఇటలీ దేశపు బ్రాచీన చిత్రకళను బరిశీలించి వ్రాసిన గ్రంథములచే లోకప్రఖ్యాతి నొందెను. మన భాషలో బంతికి చెండని పేరు గలదు గదా! చెండాటకు దన జీవితము నర్పించిన యామె పేరు సెండా యగుట కేవలము శబ్దసామ్యమే యైనను, చెవికింపుగ నున్నది.

ఈమె బాల్యమున వ్యాయామమునకు బనికివచ్చు లక్షణమొక్కటియు గానరాలేదు. దేహము బలహీనము. అనారోగ్యమువలన బడిచదువు నడుమనే నిలిచిపోయెను. సంగీతమునందు మిక్కిలి ప్రీతి గలదై పియానో వాద్యమును నేర్వబూనెను గాని, వెన్నునొప్పిచే జాలసేపు పీఠముపై గూర్చుండలేక యా విద్యయు విడువవలసి వచ్చెను. ఇట్లు రెండు విద్యలు చేజాఱిన పిదప, 1890లో హితులు చెప్పగా బోస్టను వ్యాయామోపాధ్యాయ శిక్షణశాలలో జేరెను. ఆ విద్యాలయము మేరీ హెమెన్వే యను దాత్రి ద్రవ్యముతో 1889లో వెలసినది. ఏమీ మోరిస్ హోమన్స్ అను విదుషీమణి దానికి నిర్వాహకురాలు. స్వీడను దేశమున లింగ్ అను నాతడు కల్పించిన యంగసాధన పద్ధతి యందు బోధింపబడుచుండెను. సెండా యచ్చట జేరినది ఉపాధ్యాయిని కావలెనని కాదు. తన యారోగ్యము కుదుటబడిన జాలునని మాత్రమే. మొదట కొద్దిసేపు నిలువబడినను అలసిపోవుచు, ఆ సాధనలను ఇచ్చలేకయే చేయుచుండెను. కొన్ని మాసములు గడచునప్పటికి నిద్ర పట్టెను, ఆకలి పుట్టెను, వెన్నునొప్పి తగ్గెను. ఔషధములు చేయని మేలు వ్యాయామము చేసెనని తన దేహమే సాక్ష్యముగ గ్రహించెను. పరుల దేహములను బలపఱచుటకు బూనినవారిలో దన బలహీనతనుండి పుట్టుకొని వచ్చినవారి కుండు పట్టుదల వేఱు. ఈమె పట్టుదల యట్టిది.

ఆ కాలపు జనాభిప్రాయమును గొంత తెలిసికొననిదే యామె కార్యము యొక్క గౌరవము బోధపడదు. 1873లో బోస్టను వైద్యుడు ఎడ్వర్డు క్లార్కు ఒక గ్రంథమును బ్రకటించి, బాలురతో సమానముగ బాలికలు చదువుటచే వారి శరీరములు చెడి, మాతృత్వమునకు భంగము కలుగునని వాదించెను. ఆ గ్రంథము పలుమాఱు ముద్రింపబడి, కూతుండ్రను గళాశాలకు బంపదలచిన తల్లిదండ్రులను భయపెట్టెను. చదువే హానికరమన్నవారు పరుగును, గెంతును సహింతురా? కావున స్త్రీలకై కళాశాలలు స్థాపించినవారు, మా విద్యార్థినులు చదివియు నారోగ్యవతులై యున్నారని లోకమునకు జూపవలసిన యగత్యమున బడిరి. వ్యాయామశాల స్త్రీవిద్యకు గోటగోడ వంటిదయ్యెను. ఆ గోడ కూలినచో గోటయు గూలును.

మసాచుసెట్సు రాష్ట్రమున నార్తాంప్టను పట్టణమునందలి స్మిత్ కళాశాల అట్టి విద్యాలయములలో నొకటి. సోఫియా స్మిత్ అను నామె మరణశాసనముచే నొసగిన ధనముతో నది 1875లో స్త్రీలకొఱకు దెఱవబడెను. 1892 జనవరిలో ఆ కళాశాల వ్యాయామోపాధ్యాయినికి అస్వస్థత కలుగగా, ఆ స్థానమున దాత్కాలికముగ బనిచేయుటకు సెండాను బంపిరి. అప్పటికి ఆమె వయస్సు ఇరువదినాలుగేండ్లు నిండలేదు. తాత్కాలికముగ వచ్చిన యామె యచ్చటనే స్థిరపడి పందొమ్మిదేండ్లు వ్యాయామశాఖను నడపెను. కళాశాలలో జక్కని వ్యాయామశాల యుండెను గాని, విద్యార్థినులకు దానియందు రుచి లేకుండెను. వరుసలు దీరి నిలిచి, ఆజ్ఞ ననుసరించి చేతులెత్తుచు దించుచు నుండుట వారికి విసుగు బుట్టించెను. విద్యార్థుల మనస్సు పాఠమునందు లేనప్పుడు పాఠ్యవిషయము నెంత పొగడినను బ్రయోజనము లేదని ఉపాధ్యాయవృత్తి నెఱిగినవారు గ్రహింపగలరు. దేహమునకు శ్రమయు, మనస్సునకు ఉల్లాసమును గలిపి యిచ్చు సాధనమును సెండా వెదకసాగెను.

ఆ సాధనము సుమారు 20 మైళ్ల దూరముననే యుండెను. స్ప్రింగుఫీల్డు పట్టణమునందలి వై.ఎం.సి.ఏ. శిక్షణశాలలో జేమ్స్ నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు 1891 డిసెంబరులో నొక క్రొత్త యాటను గల్పించెను. మంచు గురియు దినములలో మైదానమున నాడ వీలులేని యువకులకు ఇంటిలోపల నాడదగిన క్రీడ యొకటి కావలసి వచ్చెను. ఆయన పీచు పండ్లు మోయు బుట్టలను రెంటిని వ్యాయామశాల నడవకు 10 అడుగుల యెత్తున రెండు కొనలయందు గొట్టించి, పక్షమునకు దొమ్మండ్రు చొప్పున నిలిపి, 13 నియమములు వ్రాసి, బంతిని బుట్టలో వేసిన పక్షమునకు గెలుపని నిర్ణయించెను. బాస్కెట్‌బాల్, అనగా బుట్టబంతి, యను పేరు దానివలననే కలిగినది. ఆయన 1892 జనవరిలో ఆ నియమములను వై.ఎం.సి.ఏ. పత్రికయందు బ్రకటించెను. సెండా యా వ్యాసమును జదివి, నెయిస్మిత్‌తో సంప్రదించి, పురుషులకై పుట్టి యింకను నెలలు నిండని యా క్రీడను స్త్రీకళాశాలలో బ్రవేశపెట్ట సాహసించెను.

మొదట తరగతులలో నాడించి చూడగా, ఇన్నాళ్లు వ్యాయామశాల యన్న ముఖము ముడిచిన కన్యలు వేళ కాకముందే వచ్చి నిలువసాగిరి. 1893 మార్చి 22వ తేదీన ప్రథమ వత్సరపు విద్యార్థినులకును ద్వితీయ వత్సరపు విద్యార్థినులకును బందెము నేర్పాటు చేసెను. కళాశాలస్త్రీల బాస్కెట్‌బాల్ పందెములలో నిదియే మొదటిదని చరిత్రకారులు చెప్పుచుందురు. క్రీడకై కురుచదుస్తులు ధరించిన కన్యలను బరపురుషులు చూడరాదు గాన, పురుషులకు బ్రవేశము నిషేధించి తలుపులు బిగించిరి. చుట్టును విద్యార్థినులు తమతమ తరగతుల రంగులు ధరించి కిక్కిఱిసి నిలిచిరి. ఆట యారంభమున సెండా బంతిని బైకి విసరుచుండగా, ఆమె చేయి ప్రథమవత్సరపు నాయికకు దగిలి, యా బాలిక భుజపు గీలు తొలగెను. ఎంతటి యపశకునము! స్త్రీలకీ యాట తగదనువారికి ఇంతకుమించిన సాక్ష్యమేమి కావలయును? అయినను వెఱవక యా కీలును సరిచేయించి, వేఱొక బాలికను ఆమె స్థానమున నిలిపి యాట సాగించిరి. తుదకు ద్వితీయవత్సరమువారు 5కు 4గా గెలిచిరి. ఆనాడు వ్యాయామశాలలో జెలరేగిన హర్షధ్వానమును జూచి, చేతులెత్తి దించుటయే స్త్రీలకు దగిన వ్యాయామమని యెవ్వరు నిక జెప్పజాలరని సెండాకు దోచి యుండును.

కాని యామె యుత్సాహములో మునిగి యపాయమును మఱచునది కాదు. పురుషుల నియమములతో నాడినప్పుడు ఒకరి చేతిలోని బంతిని వేఱొకరు లాగికొనుట, త్రోపులాట, క్రింద బడుట తఱచుగ జరుగుచుండెను. ఏ తల్లియైన దన కూతురు గాయపడెనని ఫిర్యాదు చేసినచో, ఏ వైద్యుడైన బత్రికకు వ్రాసినచో, క్రీడయే నిషేధింపబడును. ఇది యూహించి సెండా నియమములను మార్చెను. క్రీడాస్థలమును అడ్డగీతలతో మూడు భాగములు చేసి, ఎవరి భాగమున వారే యుండవలెననియు, గీత దాటరాదనియు విధించెను. ఎదుటివారి చేతిలోని బంతిని బలిమితో లాగుట గాని, తట్టివేయుట గాని కూడదనెను. బంతిని మూడు క్షణములకంటె నెక్కువ పట్టుకొనరాదు. మూడు మాఱులకంటె నెక్కువ నేలపై దట్టుచు బోరాదు. ఈ నియమములవలన నొక్కతెయే మైదానమంతయు బరుగెత్తి యలసిపోవుటకు వీలులేదు. నేర్పరి యగు నొకతె బంతిని దనయొద్దనే యుంచుకొని తక్కినవారిని బ్రేక్షకులను జేయుటకును వీలులేదు. బంతి యందఱి చేతులలోను దిరుగవలసినదే.

ఈ నియమముల యుద్దేశమును జక్కగ గమనింపవలెను. అందు సగము వైద్యులకును దల్లిదండ్రులకును సమాధానము చెప్పుటకు బుట్టినది. తక్కిన సగము ఆమె విద్యాదర్శమునుండి పుట్టినది. స్త్రీలు క్రొత్తక్రొత్తగ నుద్యోగములకు, సంఘకార్యములకు వెలువడుచున్న యా కాలమున, పదిమందితో గలసి పనిచేయుట, ఓటమిని శాంతముగ సహించుట, కోపమున నోరు మీఱకుండుట నేర్వవలసియుండెనని ఆమె తలచెను. బాలురకు ఆటస్థలములు నేర్పు నీ పాఠములను బాలికలకు నేర్పువారు లేరైరి. బుట్టలో బడిన బంతుల లెక్కకంటె, బంతి నందీయనేర్చిన చేతుల లెక్కయే యామెకు ముఖ్యము.

క్రీడ కార్చిచ్చువలె వ్యాపించెను. దక్షిణమున న్యూ ఆర్లియన్సు నగరమునందలి న్యూకూంబు కళాశాలలో క్లారా బేయరు అను నుపాధ్యాయిని 1895లో వేఱొక నియమావళిని బ్రకటించెను. అందు క్రీడాస్థలము మఱిన్ని భాగములుగ ఖండింపబడెను. పడమట గాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డు, బర్కిలీ విద్యాలయముల కన్యలు 1896 ఏప్రిలు 4వ తేదీన సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున దలపడగా, స్టాన్‌ఫర్డు 2కు 1గా గెలిచెను. అచ్చటను బురుషులకు బ్రవేశము లేదు. ఊరి కొక నియమము, కళాశాల కొక గీత యైనందున బెద్ద గందరగోళ మేర్పడెను. దీనిని జక్కదిద్దుటకు 1899లో స్ప్రింగుఫీల్డున జరిగిన వ్యాయామశిక్షకుల సభలో నొక సంఘము నియమింపబడెను. ఆ సంఘమున సెండా ముఖ్యురాలు. వారు నిర్ణయించిన నియమావళి 1901లో స్పాల్డింగు సంస్థ ప్రచురణముగ సెండా సంపాదకత్వమున వెలువడెను. తరువాత సుమారు పదునైదేండ్లు ఆ నియమగ్రంథమునకు ఆమెయే సంపాదకురాలు. 1905 మొదలు 1917 వఱకు స్త్రీల బాస్కెట్‌బాల్ సంఘమునకు అధ్యక్షురాలుగ నుండి, దేశము నలుమూలలనుండి వచ్చు సందేహములను దీర్చుచు, సూత్రములకు వ్యాఖ్యానము చేయుచు నుండెను. ఒక శాస్త్రమునకు సూత్రకారత్వమును భాష్యకారత్వమును నొక్కరికే లభించుట యరుదు.

ఆమెను బాస్కెట్‌బాల్ శిక్షకురాలనుటతో మాత్రమే తృప్తినొందరాదు. 1893లోనే విద్యార్థినులచే నొక క్రీడాసంఘమును స్థాపింపజేసెను. 1897లో స్వీడను రాజధాని స్టాక్‌హోమునకు బోయి, రాజకీయ వ్యాయామవిద్యాలయమున శాస్త్రమును దఱచి నేర్చి వచ్చెను. కత్తిసాము, జానపద నృత్యములు మొదలగువానిని గళాశాలలో బ్రవేశపెట్టెను. 1901లో ఆంగ్లదేశమునుండి వచ్చిన కాన్‌స్టన్స్ ఆపిల్‌బీ యను నామె స్త్రీకళాశాలలలో హాకీ నేర్పుచుండగా, స్మిత్ కళాశాలకును దానిని దెప్పించెను. అన్నిటికంటె ముఖ్యముగ, వెన్నువంపు మొదలగు లోపములతో వచ్చు విద్యార్థినులకు వారివారి దేహస్థితి కనుగుణముగ వేఱువేఱు సాధనలు నేర్పించెను. తాను బాల్యమున ననుభవించిన బాధను బరులయందు గుర్తించి తీర్చుటయే నిజమైన విద్వత్తని యామె చేతలు చెప్పుచున్నవి.

ఒక విషయమున మాత్రము ఆమె మిక్కిలి కఠినురాలు. ఒక కళాశాల స్త్రీలు వేఱొక కళాశాల స్త్రీలతో బందెములాడుట కామె యంగీకరింపలేదు. తరగతికిని దరగతికిని బోటీలుండవచ్చును గాని, కళాశాల పేరు నిలుపవలెనను పంతము ప్రవేశించినచో, నేర్పరులైన కొద్దిమందికే శిక్షణ మొసగి తక్కిన వందలమందిని విడిచిపెట్టుట సంభవించునని యామె భయము. పురుషుల కళాశాలలలో డబ్బును బంతమును గలసి క్రీడలను జెఱచుట యామె కన్నులయెదుట జరుగుచునే యుండెను. ఆ భయము నిరాధారము కాదు. కాని ప్రతిభగల బాలిక తన శక్తి నంతయు జూపుకొను నవకాశము దానివలన గోల్పోయెననుటయు నిజమే.

1911లో సెండా స్మిత్ కళాశాలలో నాంగ్లసాహిత్యము బోధించుచుండిన హెర్బర్టు వాన్ ఆబట్ పండితుని వివాహమాడి, కళాశాల యుద్యోగమును విడిచెను. సంస్కృత వ్యాకరణమున నొక చక్కని భేదము కలదు: తన విద్యచే దాను బోధించు స్త్రీకి ఆచార్య యనియు, ఆచార్యుని భార్యయగుటచే బేరుబడసిన స్త్రీకి ఆచార్యాని యనియు వైయాకరణులు రూపములు సాధించిరి. అనగా స్వయముగ బోధించు స్త్రీలు వారి యెఱుకలో నుండిరన్నమాట. సెండా ఆచార్యాని యైన సంవత్సరముననే కళాశాలలో ఆచార్య పదవిని విడిచెను. అయినను బోధనము మానలేదు. అదే పట్టణమున మేరీ బర్న్‌హాం బాలికా పాఠశాలలో వ్యాయామశాఖను 1921 వఱకు నడపెను. పిమ్మట ఐరోపాఖండమున సంచరించుచు, బాల్యమున విడిచిన సంగీతమును, సోదరుని కభిమానమైన చిత్రకళను బరిశీలించెను. 1929లో భర్త మరణించెను. 1934లో గాలిఫోర్నియా రాష్ట్రమున సాంటా బార్బరా పట్టణమునకు సోదరియొద్దకు జేరి, శేషజీవితమచ్చట గడపి, 1954 ఫిబ్రవరి 16వ తేదీన తన 86వ యేట గాలధర్మము నొందెను. ఇరువదియేండ్ల వయస్సున నిలువలేక కూలబడిన దేహము ఎనుబదియైదేండ్లు నిండ నిలిచినది.

చరిత్రము ఇంతటితో ముగియలేదు. ఆమె గీచిన గీతలు ఆమెకంటె దీర్ఘాయుష్కములైనవి. మొదట క్రీడను గాపాడుటకు బుట్టిన నియమములు కాలక్రమమున స్త్రీల దౌర్బల్యమునకు నిదర్శనములుగ జూపబడెను. స్త్రీలు మైదానమంతయు బరుగెత్తరాదు గనుక గీతలున్నవనువారు పోయి, గీతలున్నవి గనుక స్త్రీలు పరుగెత్తజాలరనువారు బయలుదేఱిరి. 1923లో వ్యాయామవిద్యకు బెద్దలైన స్త్రీలే సంఘముగ గూడి, స్త్రీల పోటీపందెములను మఱింత తగ్గింపవలెనని పూనిరి. మిసిసిపీ రాష్ట్రమునందలి డెల్టా స్టేట్ కళాశాలలో 1932 ప్రాంతమున, కన్యలకీ యాట మితిమీఱిన శ్రమయని చెప్పి, స్త్రీల జట్టునే రద్దుచేసిరి. ఆ జట్టులో నాడుచుండిన మార్గరెట్ వేడ్ అను యువతియు నామె చెలికత్తెలును దుఃఖముతో దమ యాటదుస్తులను దగులబెట్టిరి. చేనిని గాపాడ వేసిన కంచెయే చేను మేయుట యనగా నిదియే.

కంచె విప్పుటకు జాలకాలము పట్టెను. 1938లో మూడు భాగముల క్రీడాస్థలము రెండు భాగములయ్యెను. 1971లో గళాశాలస్త్రీలకు బక్షమున కైదుగురు చొప్పున మైదానమంతయు బరుగెత్తు నియమము స్థిరపడెను. 1972లో విద్యాలయములయందు స్త్రీపురుష భేదము కూడదని యమెరికా శాసనము వెలువడగా, స్త్రీల క్రీడలకు ధనమును గౌరవమును జేకూరెను. 1973లో డెల్టా స్టేట్ కళాశాల స్త్రీల జట్టును బునరుద్ధరించి, నలువదియేండ్ల క్రిందట దుస్తులు తగులబెట్టిన యా మార్గరెట్ వేడ్‌నే శిక్షకురాలిగ నియమించెను. ఆమె జట్టు 1975, 1976, 1977 సంవత్సరములలో వరుసగ మూడు మాఱులు దేశపు స్త్రీకళాశాలల విజేతృత్వమును సాధించెను. 1976లో మాంట్రియలు ఒలింపిక్ క్రీడలలో స్త్రీల బాస్కెట్‌బాల్ మొదటిమాఱు చేర్పబడెను. అయినను అయోవా రాష్ట్రపు టున్నతపాఠశాలలలో పక్షమున కాఱుగురు చొప్పున విభక్తస్థలమున నాడు పాతపద్ధతి 1993 వఱకు నిలిచియే యుండెను. అచ్చటి యూళ్లవారు దానిని మిక్కిలి ప్రేమించిరనుటయు జెప్పవలసిన సత్యమే. గీతల నడుమనే తరతరముల బాలికలు కీర్తి గడించిరి.

1985లో స్ప్రింగుఫీల్డునందలి నెయిస్మిత్ స్మారక కీర్తిమందిరమున మొదటిమాఱుగ మువ్వురు స్త్రీల పేర్లు చేర్పబడెను. ఒకామె ఓక్లహోమా పాఠశాలలో జిరకాలము శిక్షకురాలగు బెర్తా టీగ్. ఒకామె మార్గరెట్ వేడ్. ఒకామె మన సెండా బెరెన్సన్ ఆబట్. గీత గీచిన యామెయు, గీతలకాలమున దన యాటను గోల్పోయి తుదకు దాటి గెలిచిన యామెయు నొక్క యేటనే యొక్క మందిరమున జేరుట విధివిలాసము. వారిని బరస్పర విరుద్ధలని భావింపరాదు. 1893లో తలుపులు మూసి యాడింపనిచో, 1973లో తలుపులు తెఱచి యాడించుటకు క్రీడయే మిగిలి యుండదు. లేతమొక్కకు గంచె యవసరము. కంచె వేసినవారు నిందార్హులు కారు. మ్రాను పెరిగిన పిదపను దానిని విప్పక బిగించువారిదే దోషము. సెండా యెల్లకాలమును నియమములను సవరించుచునే యుండెను గాని, వానిని వేదవాక్యములని యెంచలేదు. తరువాతివారు ఆమె యుద్దేశమును విడిచి గీతలను బట్టుకొనిరి. శాస్త్రములకెల్లను, ఆచారములకెల్లను ఇట్టి గతి పట్టుట మన మెఱుగనిది కాదు.

ఈ కథకు మన నేలతోను గొంత సంబంధము కలదు. స్ప్రింగుఫీల్డు విద్యాలయమున జదివిన హారీ క్రో బక్ అను నాతడు 1920లో మదరాసున వై.ఎం.సి.ఏ. వ్యాయామవిద్యాలయమును స్థాపించెను. తెలుగు జిల్లాల పాఠశాలలలో బనిచేసిన డ్రిల్లు మాస్టర్లనేకు లచ్చట శిక్షణము పొందినవారే. అట్లు నెయిస్మిత్ బుట్టలు సముద్రములు దాటి మన పాఠశాలల యావరణములలో నిలిచినవి. కాని యుపాధ్యాయుడనై యున్న యేండ్లలో నేను దఱచుగ జూచినది వేఱు: ఆటగంట మ్రోగినతోడనే బాలురు మైదానమునకు బరుగిడుదురు, పై తరగతుల బాలికలు గోడనీడను జేరి, పుస్తకము తెఱచియో, ముచ్చటలాడుకొనుచో గంట ముగియువఱకు గూర్చుందురు. వారి నెవ్వరును గూర్చుండుడని యాజ్ఞాపింపలేదు. లెమ్మని పిలిచినవారును లేరు. సెండా బెరెన్సన్ చేసినదెల్ల ఆ పిలుపే.

నేడు మన కుటుంబములలో గూతుండ్రను జదివించుటకు వెనుదీయువారు తగ్గిరి. వైద్యవిద్యకును, యంత్రవిద్యకును, దూరదేశములకును బంపుచున్నారు. అది సంతోషింపదగినదే. కాని పరీక్షలు దగ్గఱపడినతోడనే బాలికకు మొదట మాన్పించునది ఆట. చదువుకై యాటను మాన్పుట లాభమని తలచువారు, పియానో పీఠముపై గూర్చుండలేక విద్యను విడిచిన యా బోస్టను బాలికను స్మరింపవలెను. దేహము నిలువనిచో విద్య నిలువదు. తమ కూతునకై తామొక కట్టుబాటు విధించునపుడు, ఇది లేతమొక్కకు వేయు కంచెయా, పెరిగిన మ్రానునకు బిగించు కట్టా యని యేటేట నొకమాఱు తమ్ము దాము ప్రశ్నించుకొనుట తల్లిదండ్రుల ధర్మము. ప్రతిగృహమునను బాలికలు చదువునందును, ఆరోగ్యమునందును సమముగ వర్ధిల్లుదురు గాక యని కోరుచు, ఆచార్య సెండా బెరెన్సన్ స్మృతికి నమస్కరించి విరమించుచున్నాను.